అలైన్‌మెంటు అనే అమృతాంజనం

తలనొప్పొచ్చినా, పడిశం పట్టినా, మెడ పట్టేసినా మన ఇళ్ళలో ఒకటే మందు, అమృతాంజనం. రాసిన చోట చురుక్కుమంటుంది కాబట్టి ఏదో పనిచేస్తున్నట్టే ఉంటుంది. పాత కార్లకి అలాంటి మందు అలైన్‌మెంటు. స్టీరింగు ఎడమకి లాగుతోందా? అలైన్‌మెంటు. వణుకుతోందా? అలైన్‌మెంటు. గుంతలో పడితే టకటకమంటోందా? "ముందు అలైన్‌మెంట్ చేద్దాం సార్, తర్వాత చూద్దాం." ఆ 'తర్వాత' వచ్చేసరికి రెండు షాకబ్జార్బర్లూ, ఒక స్టీరింగు రాకూ మారిపోయి ఉంటాయి. శబ్దం మాత్రం అలాగే ఉంటుంది.

నా వాదన ఒక్కటే. ఏ జాయింటు వదులైందో మన కళ్ళకి చూపించకుండా ఎవరినీ ఏ పార్టూ మార్చనివ్వకూడదు. చూడకుండా మార్చడాన్ని రిపేరు అనరు, లాటరీ అంటారు. టికెట్టు డబ్బులు మాత్రం మనవి.

ఇది ఎవరికో కాదు, మనకే చెబుతున్నాను. ప్రొడక్షన్లో సర్వరు పడిపోయినప్పుడు "రీస్టార్ట్ చేశాను, ఇప్పుడు బానే ఉంది" అని జూనియర్ అంటే ఊరుకుంటామా? లాగులు చూపించమంటాం, రూట్ కాజ్ రాయమంటాం, రాత్రి పదకొండింటికి కాల్ పెడతాం. అదే మనం సర్వీసు సెంటరు ఏసీ గదిలో కాఫీ తాగుతూ, "లోయర్ ఆర్మ్స్ రెండూ పోయాయి సార్" అనగానే "చేసెయ్యండి" అని సంతకం పెట్టేస్తాం. ఎలా తెలిసింది అని ఒక్కరం అడగం.

అసలు పాత కార్లు ఎక్కడున్నాయో ఆలోచించండి. మనం హైదరాబాదులోనో బెంగుళూరులోనో కొత్తది కొనుక్కుంటాం, పాతది ఊళ్ళో నాన్నకి వదిలేస్తాం. వాకాడులో ఎన్ని ఇళ్ళ ముందు ఇలాంటివి కనిపిస్తాయో లెక్కే లేదు. "ముప్పై వేల కిలోమీటర్లే తిరిగింది, కొత్తదాని కింద లెక్క" అని గర్వంగా చెప్పుకుంటాం. కానీ రబ్బరు బుష్షుకి కిలోమీటర్లతో పనిలేదు, కదలకుండా ఉన్నా వయసుతో పాటు ఎండి పగులుతుంది. పైగా అటు తూపిలిపాలెం, దుగరాజపట్నం వైపు నుంచి ఉప్పు గాలి, రోడ్డంతా రొయ్యల బండ్లు కార్చుకుంటూ పోయే నీళ్ళు. షాకబ్జార్బరు రాడ్డు మీద తుప్పు చుక్క పడితే చాలు, అది పైకీ కిందకీ ఆడినప్పుడల్లా ఆయిల్ సీలుని కోసేస్తుంది. టై రాడ్ ఎండ్ మీది రబ్బరు తొడుగు చిరిగితే లోపలికి ఇసుక పోతుంది. అప్పుడు గ్రీజు కాస్తా ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. ఇవేవీ ఓడోమీటరులో కనపడవు.

ఒక ఉదాహరణ చెబుతాను. మా ఇంట్లో ఇంకా తిరుగుతున్న మారుతీ 800 బ్రేకు వేస్తే 'డబ్' మని, ఎడమకి గుంజేది. ఒక పెద్ద సర్వీసు సెంటరు అలైన్‌మెంటు చేసి, పచ్చ అంకెలున్న కాగితం చేతిలో పెట్టి, ఇంకా లాగుతుంటే షాకబ్జార్బర్లు మార్చాలంది. ఊళ్ళో మెకానిక్కు కారు కింద దూరి, రాడ్డుతో ఒక్క నెట్టు నెట్టి, "ఇదిగో సామీ, చూడు" అన్నాడు. స్టెబిలైజర్ బార్ బుష్షు చితికిపోయి ఉంది. 800లో ఆ బారు కారు ఒరగకుండా చూడటమే కాదు, కింది ఆర్ముని ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునేదీ అదే. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి తన్నుతుంది, బుష్షు లొంగిపోతుంది, చక్రం కోణం మారిపోతుంది. నిలబెట్టిన కారుని మెషీను కొలిస్తే అంకెలన్నీ పచ్చగానే ఉంటాయి మరి! మెషీను అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు.

ఇంకో సంగతి. మన చిన్న కార్లలో చాలావాటికి ఆ మెషీను దగ్గర మార్చగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. జాయింట్లు వదులుగా ఉండగా టో సరిచేయడమంటే, ఊగే బల్ల మీద త్రాసు పెట్టి బంగారం తూచడమే. ముందు వదులు తీసెయ్యాలి, ఆఖరున అలైన్‌మెంటు. స్కానర్ పెట్టి "ఏ కోడూ లేదు సార్" అనేవాళ్ళూ ఉన్నారు. బాల్ జాయింటుకి సెన్సరు ఎక్కడుంది బాబూ?

మరి ఎలా కనుక్కోవాలి? బైనరీ సెర్చి మనకి కొత్తా? స్టీరింగు చక్రం, కాలమ్ జాయింటు, రాకు, టై రాడ్డు, బాల్ జాయింటు, వీల్ బేరింగు, టైరు. ఇదొక గొలుసు. కారుని మెకానిక్కు గుంత మీద పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు స్టీరింగుని రెండంగుళాలు అటూ ఇటూ ఊపాలి, ఇంకొకరు కింద ఒక్కో జాయింటు మీదా చెయ్యేసి చూడాలి. ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలే చోటే తప్పుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగయితే ఇంజను ఆన్‌లో ఉంచి ఊపాలి, లేకపోతే వాల్వు దగ్గరుండే మామూలు ఖాళీని కూడా తప్పనుకుంటాం.

తర్వాత చక్రం లేపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, కింద స్టాండు పెట్టించండి. గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట్ల పట్టుకుని ఊపితే కదలిక ఉందా? ముందు టై రాడ్డు వైపు చూడండి. పన్నెండూ ఆరూ ఉండే చోట్ల కదులుతోందా? ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. కదలిక ఆగిపోతే వీల్ బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటో, ఆ పైదో. పైసా ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని.

ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతోందా? గాలి చూసి, ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చండి. లాగడం కూడా దిక్కు మారిస్తే దోషం టైరుదే. ఎనభై దగ్గర మాత్రమే వణికితే బ్యాలెన్సింగు. బ్రేకు వేస్తేనే వణికితే డిస్కు. నిలబెట్టి స్టీరింగు తిప్పుతుంటే స్ప్రింగు 'టుంగ్' మని ఎగిరితే స్ట్రట్టు పై బేరింగు. టైరు అంచు రంపంలా తయారైతే అప్పుడు టో. అదిగో, అక్కడ అలైన్‌మెంటు నిజంగా మందే.

"కొత్తవి వేస్తే మంచిదేగా, పోయేదేముంది?" అంటారు. పోతుంది. కారు లేపి, చక్రం వేలాడుతుండగా ఆర్ము బుష్షు బోల్టు బిగించేస్తే, కారు కిందకి దిగగానే ఆ రబ్బరు మెలిపడుతుంది. ఇక జీవితాంతం మెలికలోనే ఉండి, కొత్తదైనా తొందరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఇది అడిగి చూడండి, ఎంతమంది మొహం చూస్తారో!

అలాగని ఊరి మెకానిక్కులందరూ బ్రహ్మలని నేననను. సుత్తితో రెండు కొట్టి "ఏం కాదు సామీ, ఇంకా తిరగతాది" అనేవాళ్ళూ అక్కడే ఉన్నారు. చూపించకుండా 'మార్చాలి' అనడం ఎంత తప్పో, చూడకుండా 'పర్లేదు' అనడం అంతకన్నా పెద్ద తప్పు. మొదటిదానికి డబ్బు పోతుంది. రెండోదానికి, బాల్ జాయింటు ఊడి చక్రం పక్కకి మడుచుకుపోతే, మనిషే పోవచ్చు.

"ఆ డొక్కు అమ్మెయ్ నాన్నా" అని ఫోన్లో చెప్పడం తేలిక. అమ్మితే జాయింటు బాగవుతుందా? కొన్నవాడు దాంట్లోనే పిల్లల్ని ఎక్కించుకుని గూడూరు పోతాడు.

బ్రిటన్లో మూడేళ్ళు దాటిన కార్లకి ఏటా ఎంఓటీ పరీక్ష ఉంది. తప్పితే ఏ భాగం, ఏ పక్క అన్నది కాగితం మీద రాసిస్తారు. అక్కడున్న మనవాళ్ళు ఆ కాగితం లేనిదే రిపేరుకి ఒప్పుకోరు, ఇక్కడికొస్తే మాత్రం నోటిమాట చాలు. మనం అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. బిల్లు మీద మూడు ముక్కలు: ఏ జాయింటు, ఏ పక్క, ఏ పరీక్షలో తేలింది. రాయలేనివాడికి రోగం తెలియనట్టే.

కాబట్టి ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు కారుని గుంత మీద పెట్టించి, దగ్గర నిలబడండి. రేటు తర్వాత అడగొచ్చు. ముందు "ఏదీ, చూపించు" అనండి.