ఆరో పేరు

హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో వెలువరించిన ‘ది ఫైవ్’ గ్రంథానికి ఆ ఏటి బెయిలీ గిఫర్డ్ బహుమతి దక్కింది. 1888లో లండన్ వైట్‌చాపెల్ ప్రాంతంలో జాక్ ద రిప్పర్ చేతిలో హతులైన ఐదుగురు స్త్రీల బ్రతుకులను, హంతకుణ్ణి పక్కకు నెట్టి, పుట్టుక నుంచి చెప్పిన పుస్తకమది. చదవదగినదనడంలో సందేహం లేదు. నా పేచీ అంతా దాని పేరుతోనే. ఐదుగురే అని లెక్క తేల్చినదెవరు?

1888 ఆగస్టు 7 వేకువన, జార్జ్ యార్డ్ బిల్డింగ్స్ అనే పేదల నివాసంలో, మొదటి అంతస్తు మెట్ల దగ్గర మార్తా టాబ్రమ్ శవం కనిపించింది. ఆమె వయస్సు 39 ఏళ్ళు. అంతకుముందే మూడున్నర వేళ ఇంటికి వచ్చిన బండి తోలేవాడొకడు ఆమెను చూశాడు. ఎవరో నిద్రపోతున్నారనుకొని దాటిపోయాడు. డాక్టర్ తిమోతి కిలీన్ 39 కత్తిపోట్లు లెక్కించాడు. ఒక్కటి తప్ప అన్నీ చిన్న కత్తివేననీ, రొమ్ము ఎముకను చీల్చిన ఆ ఒక్కటి మాత్రం బాకుదో బాయినెట్‌దో కావచ్చుననీ సాక్ష్యమిచ్చాడు. ఆ రాత్రి తామిద్దరం ఇద్దరు సైనికులతో తిరిగామని ఆమె స్నేహితురాలు చెప్పింది. సైనికులను వరుసగా నిలబెట్టి చూపించినా నేరం ఎవరి మీదా నిలవలేదు. గుర్తు తెలియని వ్యక్తులు చేసిన హత్యగానే విచారణ ముగిసింది. ఆగస్టు 31న, అక్కడికి నడక దూరంలోనే, మేరీ ఆన్ నికల్స్ హత్య జరిగింది. రిప్పర్ కథ సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

టాబ్రమ్‌ను ఆ జాబితా నుంచి తప్పించడానికి చెప్పే కారణాలు రెండు: ఆమె గొంతు కోయలేదు, కడుపు చీల్చి అవయవాలు తీయలేదు. వినడానికి గట్టివే. కాని జాబితాలో ఉన్న ఎలిజబెత్ స్ట్రైడ్‌కు గొంతు కోత తప్ప మరే గాయమూ లేదు. అక్కడ మాత్రం ‘ఎవరో రావడంతో హంతకుడు పని సగంలో విడిచాడు’ అని సర్దిచెబుతారు. ఒకరికి ఇచ్చిన మినహాయింపు మరొకరికి ఎందుకు లేదో చెప్పరు.

ఈ ఐదు అంకె ఎక్కడిదో చూద్దాం. డాక్టర్ థామస్ బాండ్ 1888 నవంబరు నివేదిక నాలుగు హత్యల కాగితాలను, తాను స్వయంగా చూసిన మేరీ కెల్లీ శవాన్ని ఆధారం చేసుకొని రాసినది. టాబ్రమ్ విషయం ఆయన ముందుకే రాలేదు. పరీక్షించని రోగికి జబ్బు లేదని రాయడం ఎలాంటిదో, ఆ నివేదికను చూపి ఆమెను తొలగించడమూ అలాంటిదే. 1894లో ఐదుగురే అని రాసిన పోలీసు అధికారి మెల్విల్ మెక్‌నాటెన్ ఉద్యోగంలో చేరినదే 1889లో. పైగా బాయినెట్ మాటను కిలీన్ ఒక్క గాయానికి పరిమితం చేస్తే, మెక్‌నాటెన్ దాన్ని దేహమంతటికీ అంటగట్టాడు.

ఆ ఒక్క గాయమైనా రెండో ఆయుధానికి నిదర్శనమా? కత్తి దిగిన లోతు, తిరిగిన తీరు, లాగిన కోణాన్ని బట్టి ఒకే ఆయుధం వేర్వేరు కొలతల గాయాలు చేయగలదు. కిలీన్ అబద్ధమాడాడని కాదు. ఆయన ఊహ మీద ఇద్దరు హంతకుల సిద్ధాంతం కట్టడం మాత్రం బరువెక్కువే.

అవతలి పక్షానికీ లోపాలున్నాయి. 2005లో రాబర్ట్ కెపెల్ బృందం నేరగాడి ‘ముద్ర’ను విశ్లేషించి టాబ్రమ్‌ను ఆరవ బాధితురాలిగా చేర్చింది. అయితే ముద్రను మితిమీరిన హింస అన్నంత విశాలంగా నిర్వచిస్తే, అందులో ఇమడనిదేముంది? నా మొగ్గు మాత్రం ఆమెను చేర్చేవారి వైపే: స్థలం, కాలం దగ్గర, పేదరాలిపై అవసరానికి మించిన దాడి, కేక వినబడని చావు. ఐనా మొగ్గు నిర్ధారణ కాదు. వైద్యంలో దీన్ని తేలని రోగనిర్ణయం అంటాము. తేలనిదాన్ని తేలనిదిగా ఉంచడమూ ఒక క్రమశిక్షణే.

ఇక అసలు మాట. మరణపత్రంలో ‘గుండె ఆగింది’ అని రాస్తే అది చావుకు రూపమే గాని కారణం కాదని వైద్య విద్యార్థులకు నేర్పుతారు. ఈ ఉమ్ ఘువైలినా ఇరుకు గదుల్లో పొట్టకూటి కోసం బ్రతికే మనవాళ్ళను ఎరిగినవారికి, ఒక్క మాటలో ముగిసిన చావు వెనుక ఎంత బ్రతుకు దాగుతుందో వేరే చెప్పనక్కరలేదు. ‘రిప్పర్’ అనేదీ అటువంటి మాటే. 1875లో మద్యం వల్ల చెడిన కాపురం, పని దొరకని వడ్రంగితో సహజీవనం, వీధుల్లో చిల్లర వస్తువుల అమ్మకం, రాత్రికొక పక్క అద్దెకు దొరికే సత్రం: టాబ్రమ్‌ను ఆ మెట్ల దాకా నడిపించినవి ఇవి. హంతకుడు ఎవరైనా ఇవి మారవు.

స్త్రీలను హంతకుడి నీడ నుంచి తప్పించాలని పూనుకున్న పుస్తకం, ఏ స్త్రీలను తప్పించాలో మాత్రం వాడి పేరిట అల్లిన జాబితానే అడిగింది. అందుకే టాబ్రమ్‌కు అందులో ఒక అధ్యాయం లేదు. ఆమె వాడి చేత చచ్చిందో లేదో చరిత్రకారులు తేల్చుకోనీ. స్మరణకు అర్హత మాత్రం ఆ తీర్పు మీద ఆధారపడకూడదు.