ఎండమీద మోపిన నేరము

వేసవి వచ్చినదన్న మన ప్రాంతమున మోటారు సైకిళ్ళకు ఒక జబ్బు వచ్చునని లోకులు చెప్పుకొనుచుందురు. ఉదయమున చక్కగా పరుగెత్తిన బండి మిట్టమధ్యాహ్నమున రొప్పును. మిట్ట నెక్కజాలక నిలిచిపోవును. చెట్టు నీడను అరగంట యుంచిన మరల కదలును. "ఎండ దెబ్బ" యని యొకరందురు; "పాత బండి గదా" యని మఱియొకరందురు. ఈ రెండును చాలవఱకు విచారణ లేని తీర్పులని మా యభిప్రాయము.

ఇది అల్పవిషయమని తలంపరాదు. 1912లో దోర్నకలునకు బిషప్పైన అజరయ్యగారు ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లెలు తిరిగిరని పెద్దలు చెప్పుదురు. నేడు జనగామ మార్కెటునకు పోవు రైతును, మహబూబాబాదునకు మిర్చి బస్తా తెచ్చు కూలియు, భూపాలపల్లి బొగ్గుగనిలో షిఫ్టునకు పోవు కార్మికుడును, పల్లెకు పోవు పాస్టరుగారును మోటారు సైకిలునే నమ్ముకొని యున్నారు. ఆదివారమున ఆ బండిమీదనే తల్లియు బిడ్డలును కూర్చుందురు. ఇంజను మితిమీరి వేడెక్కి పిస్టను సిలిండరులో బిగిసినయెడల వెనుక చక్రము హఠాత్తుగా పట్టుకొనును. అప్పుడు పోవునది రూపాయలు మాత్రమే కాదు.

ఇంతకును ఎండ చేయు హాని యెంత? గాలిచే చల్లబడు ఇంజనునకు నీటి తొట్టి లేదు; సిలిండరు చుట్టునుండు రెక్కలే దానికి ఆధారము. పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో బండిని నడుపుటకు వచ్చునది సుమారు నాలుగవ వంతు మాత్రమే. తక్కినది వేడియై కొంత పొగగొట్టము వెంటను, కొంత ఈ రెక్కల మీదుగాను వెలుపలికి పోవలెను. వేడి పోవు వేగము వస్తువునకును చుట్టునున్న గాలికిని గల ఉష్ణోగ్రతల భేదమునుబట్టి యుండునని న్యూటను చెప్పిన నియమమును పై తరగతులవారు చదివియే యుందురు. రెక్కల వేడి 150 డిగ్రీలనుకొందము. గాలి 30 డిగ్రీలున్ననాడు భేదము 120. మే నెలలో 45 డిగ్రీలున్ననాడు 105. అనగా చల్లబడు శక్తిలో ఎనిమిదవ వంతు తగ్గినది. ఇంజను మఱి 15 డిగ్రీలు వేడెక్కి ఆ లోటును పూడ్చుకొనును. 27 డిగ్రీల గాలికంటె 45 డిగ్రీల గాలి నూటికి సుమారు 6 పాళ్ళు పలుచన గనుక బలమును కొంచెము తగ్గును. ఆరోగ్యముగానున్న బండికి ఎండవలన కలుగు నష్టము ఇంతే. ఇంతమాత్రమున బండి నడిత్రోవలో నిలువదు. నిలిచినయెడల, లోపము ముందే దాగియున్నదనియు, ఎండ దానిని బయటపెట్టినదనియు గ్రహింపవలెను. ఒక్కొక్కప్పుడు ఎండకు దానితో సంబంధమే యుండదు.

ఈ పాఠము మేము డబ్బు వెచ్చించి నేర్చుకొంటిమి. ఒక మే నెలలో జనగామ నుండి పాలకుర్తి, తొర్రూరుల మీదుగా మహబూబాబాదునకు పోవుచుండగా మా పాత బండి మూడుసార్లు ఆగెను. ప్రతిసారియు నీడను నిలిపితిమి. ప్రతిసారియు అరగంటకు కదలెను. మెకానిక్కు కడకు పోయి "ఎండకు ఆగుచున్న"దని చెప్పితిమి. అతడు ప్లగ్గు మార్చెను, కార్బ్యురేటరు కడిగెను, కాయిలు మార్చెను. మఱునాడు బండి మరల ఆగెను. ఆ త్రోవను వచ్చుచున్న మా విద్యార్థి తండ్రియొకరు, రైతు, దిగి వచ్చి, ట్యాంకు మూత తీసి చూచితిరా యని యడిగిరి. మూత తీయగానే గాలి బుస్సుమని లోనికి పోయెను; బండి ఒక్క తన్నుకు కదలెను. మూతలోని సన్నని రంధ్రము దుమ్ముతో మూసికొనిపోయినది. పెట్రోలు ఖర్చైన కొలదిని దాని చోటునకు గాలి రావలెను. రానందున పెట్రోలు దిగుట మానెను. మేము నీడను కూర్చున్న అరగంటలో గాలి కొంచెము కొంచెముగా లోనికి దూరెడిది. బండి చల్లబడి బాగైనదని మేము భ్రమించితిమి. తప్పు మెకానిక్కుది కాదు. మేము అతనికి లక్షణము చెప్పుటకు మాఱుగా తీర్పు చెప్పితిమి. ఎన్ని మైళ్ళకు ఆగినది, ఒక్కసారిగా ఆగినదా, మెల్లగా బలముడిగి ఆగినదా యని చెప్పియుండినచో మా సొమ్ము మిగిలియుండెడిది.

కావున మేము చెప్పు మొదటి నియమము: ఆగిన క్షణముననే పరీక్షింపవలెను. చల్లారిన తరువాత చూచుట దొంగ పోయిన పిమ్మట తలుపు కాచుటవంటిది. మొదట ట్యాంకు మూత తీయవలెను. నిప్పు దాపున ఉండరాదు, ఒక్క బొట్టయినను వేడి ఇంజనుమీద పడరాదు. పెట్రోలు దిగుచున్నచో స్పార్కు చూడవలెను. ఆ సమయమున మూత బిగించి యుండవలెను. వేడిమీద స్పార్కు లేక, చల్లారిన తరువాత వచ్చినచో కాయిలును అనుమానింపవచ్చును. స్పార్కును ఉండి, కిక్కు మాత్రము తేలికగా దిగినచో వాల్వుల సందు తక్కువై వేడికి అవి సరిగా మూసికొనుట లేదేమో చూపించుకొనవలెను. ప్లగ్గు కొన మట్టిరంగుననున్న మంచిది. నల్లని మసి పట్టిన గాలి చాలలేదు, గాలివడపోత మూసికొనియుండవచ్చును. సున్నమువలె తెల్లనైన పెట్రోలు చాలలేదు. జెట్టులో నలుసో, కార్బ్యురేటరునకును ఇంజనునకును నడుమనున్న రబ్బరులో పగులో యుండవచ్చును. ఈ తెల్లదనమే ఇంజనును కాల్చునది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాలు కలుపుట ఆచరణలోనికి వచ్చినది. అందువలన శుద్ధమైన పెట్రోలునకు సరిచేసిన పాత కార్బ్యురేటరు బండ్లకు ఈ మిశ్రమము మఱికొంత పలుచనగును.

రెండవ నియమము: ఒకసారి ఒక్కటే మార్చవలెను. మూడు మార్చిన పిమ్మట బాగైనచో దేనివలన బాగైనదో యెఱుగము; రెండింటి ఖర్చు వ్యర్థము, జ్ఞానము శూన్యము.

మూడవది: బండి తిరుగు చోటును తలంపవలెను. భూపాలపల్లి దారులలో బొగ్గు లారీల దుమ్ము గాలివడపోతలో చేరును. మహబూబాబాదు వైపున ఇంజను ముందు వ్రేలాడదీసిన బస్తాలు రెక్కలకు తగులవలసిన గాలిని ఆపును. పొలముల బురద రెక్కల సందున ఎండి కంబళివలె కప్పును. రైలుగేటు పడినచోట ఇంజను ఆపక నిలుపుకొందుము. కదలని బండికి గాలి యెక్కడిది? ఇక నూనె సంగతి. నూఱు సీసీ బండిలో నుండునది సుమారు ఒక్క లీటరు. అదియు తగ్గిన వేసవిని ఎట్లు తట్టుకొనును? ఇవన్నియు కానిచో చక్రమును చేతితో త్రిప్పి బ్రేకు పట్టుచున్నదేమో చూడవలెను. కాలిన ఇంజనుమీద నీళ్ళు మాత్రము పోయరాదు. హఠాత్తుగా చల్లబడిన లోహము పగులవచ్చును.

తల్లిదండ్రులారా, పదునెనిమిది యేండ్లు నిండని బిడ్డలకు ఈ బండ్లను నడుప నీయకుడు. 1988 మోటారు వాహనముల చట్టము గేర్లుగల బండికి విధించిన వయస్సు అదియే. కాని విప్పుటకును, తుడుచుటకును, పెద్దలయొద్ద నిలిచి పరీక్షించుటకును వయస్సు అడ్డము కాదు. ప్రతి ఉన్నత పాఠశాలయందును పనికిరాని యింజను ఒకటి యుండవలెననియు, వేసవి సెలవులకు ముందు బాలురును బాలికలును దానిని విప్పి కూర్చుట నేర్వవలెననియు మా కోరిక. న్యూటను నియమమును పరీక్షకొఱకు వల్లించి, దారిలో బండి ఆగినప్పుడు సూర్యుని నిందించు విద్య సగము విద్యయే. చేతికి మసి యంటుట అవమానమని తలంచు విద్యార్థి మా రైతు మిత్రుని స్మరింపవలెను.

మాకు తోచినది మఱియొకటి చెప్పి ముగింతుము. ఉపాధ్యాయులమైన మేమును తఱచు ఈ నేరమే చేయుచున్నాము. లెక్క రాని పిల్లవానిని "మందబుద్ధి" యందుము. వాడు నల్లబల్లమీది అంకెలు కనబడక తప్పు వ్రాయుచున్నాడో, ఉదయము ఏమియు తినక వచ్చినాడో, రెండేండ్ల క్రిందట భాగాహారము నేర్చుకొనునాడు జ్వరమున పడియుండెనో విచారింపము. అదియు లక్షణము చూడక చెప్పు తీర్పే. ఆ రైతు అడిగిన ప్రశ్న మాకు తరగతిలో పలుమాఱు గుర్తునకు వచ్చుచుండును: మూత తీసి చూచితిరా?