ఇంజను పోయి మోటారు వచ్చింది: మరి లెక్క?

రేడియో తరంగాలతో దూరం నుంచి నడిపే బొమ్మకార్లను మీరు చూసే ఉంటారు. వాటిలో 'బగ్గీ' అనే రకం ఇసుకలోనూ, గుంతల్లోనూ ఎగిరి దూకుతూ పరుగెత్తుతుంది. కొన్ని బగ్గీలలో నిజమైన ఇంజనే ఉంటుంది. అందులో పోసేది పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, కొంత నూనె కలిపిన ఇంధనం. ఇటీవలి కాలంలో చాలామంది ఆ ఇంజనును విప్పేసి, బ్రష్షులు లేని విద్యుత్ మోటారును అమర్చుకుంటున్నారు.

ఈ మార్పు మంచిదే. అయితే 'పొగ పోయింది, ఇక పనైపోయింది' అనుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఏ యంత్రాన్ని మార్చినా మార్పుకు ముందూ, తరువాతా కొలిచి చూడాలి. కొలవని మార్పు నుంచి మనం నేర్చుకునేది చాలా తక్కువ.

ముందు ఇంజను సంగతి చూద్దాం. పెద్ద బగ్గీలోని ఇంజను పరిమాణం సుమారు 3.5 ఘనపు సెంటీమీటర్లు. నిముషానికి 30 వేల చుట్లు దాటి తిరగగలదు. ఇది టూ స్ట్రోక్ ఇంజను. స్కూటరులోలాగా నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు దీనికి లేదు. ప్లాటినం కలిసిన సన్నని తీగ మిథనాల్ ఆవిరి తగలగానే వేడెక్కి ఎర్రగా వెలుగుతుంది. ఆ తీగే ఇంధనాన్ని అంటిస్తుంది. ప్లాటినం ఉత్ప్రేరకమని మీరు రసాయనశాస్త్రంలో చదివారు గదా, ఇదే దాని పని.

ఇక మోటారు. మీ పాఠ్యపుస్తకంలోని మోటారులో తీగచుట్ట తిరుగుతుంది, అయస్కాంతం కదలదు. తిరిగే చుట్టకు కరెంటు అందించడానికి కమ్యుటేటర్, కార్బన్ బ్రష్షులు కావాలి. అవి రాసుకుని అరిగిపోతాయి. బ్రష్షులు లేని మోటారులో ఈ ఏర్పాటు తిరగబడింది. చుట్టలు కదలవు, అయస్కాంతం తిరుగుతుంది. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు పంపాలో ఒక ఎలక్ట్రానిక్ పరికరం చూసుకుంటుంది. కొత్త ఫ్యాన్ల పెట్టెల మీద 'బి.ఎల్.డి.సి.' అని రాసి ఉండేది ఈ జాతి మోటారే.

ఈ మోటారుకు మూడు తీగలుంటాయి. అది వెనక్కు తిరిగితే ఏ రెండు తీగలనైనా ఒకదాని స్థానంలో మరొకటి కలిపితే చాలు, దిశ మారుతుంది. మన మెట్ట ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతు తరువాత బోరు మోటారు ఎదురు తిరిగితే ఎలక్ట్రీషియన్ చేసేది కూడా ఇదే.

ఇంజను తీస్తే దానితో పాటు ట్యాంకు, పొగగొట్టం, క్లచ్చి కూడా పోతాయి. చక్రాలు, స్టీరింగు, గేర్లు ఉంటాయి. మోటారు ఇరుసుకు తగిలించే చిన్న పళ్లచక్రాన్ని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. దానికి పళ్లు ఎక్కువైతే కారు వేగం పెరుగుతుంది, కాని మోటారు మీద భారం పెరిగి మాడిపోవచ్చు.

ఇప్పుడు లెక్క వేద్దాం. బగ్గీ ట్యాంకులో పట్టే ఇంధనం 125 ఘనపు సెంటీమీటర్లు. అందులోని శక్తి సుమారు 20 లక్షల జౌళ్లు. దానితో బండి ఇంచుమించు పది నిముషాలు నడుస్తుంది. మోటారు బండికి 14.8 వోల్టుల, 5 ఆంపియర్ గంటల బ్యాటరీ పెట్టామనుకోండి. 14.8ను 5తోనూ, 3,600తోనూ గుణిస్తే 2,66,400 జౌళ్లు వస్తాయి. దానితోనూ పది నిముషాలకు తక్కువ కాకుండా నడపవచ్చు. అంటే ఇంజనులో పోసిన శక్తిలో చాలా భాగం వేడిగా పోతోందన్నమాట.

"ఆ కరెంటు బొగ్గు నుంచే వస్తోంది కదా మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మన రాష్ట్రంలో సీలేరు నీటితో పుట్టే కరెంటు ఉంది, ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో పుట్టేదీ ఉంది. బొగ్గు కేంద్రంలో శక్తిలో సుమారు మూడో వంతే కరెంటు అవుతుంది. అంటే మన బ్యాటరీకి సుమారు 8 లక్షల జౌళ్ల బొగ్గు కాలాలి. తీగల్లో, ఛార్జరులో పోయేది కలిపి 10 లక్షలనుకున్నా, ఇంజను తాగినదానిలో అది సగమే. పొగ పూర్తిగా పోలేదు, తగ్గింది. ఎంత తగ్గిందో లెక్కే చెప్పింది.

ఇంత ఖరీదైన బొమ్మ మనలో చాలామంది దగ్గర ఉండదు. కాని ఇదే మార్పు మన గోదావరి డెల్టా చేలగట్ల మీదా జరుగుతోంది. వరికి మందు కొట్టే తైవాన్ స్ప్రేయరులో ఉన్నదీ చాలావరకు టూ స్ట్రోక్ ఇంజనే. దాని పక్కనే ఇప్పుడు బ్యాటరీ స్ప్రేయరు వచ్చింది. మందు చల్లే డ్రోనులోనైతే బగ్గీలో ఉన్నటువంటి బ్రష్షులు లేని మోటార్లే ఉన్నాయి. ఎకరాకు ఎంత పెట్రోలు అయింది, ఎన్ని జౌళ్ల విద్యుత్తు అయింది, మందు ఎంత దూరం పడింది అని మీలో ఎవరైనా కొలిచారా? మన వైజ్ఞానిక ప్రదర్శనల్లో రంగులద్దిన థర్మోకోల్ నమూనాలకన్నా ఇలాంటి లెక్కల పుస్తకానికే మొదటి బహుమతి ఇవ్వాలని నేనంటాను.

ఇంజనును సమర్థించేవారు ఒక మాట అంటారు. కార్బురేటరు మర తిప్పుతూ, శబ్దం వింటూ ఇంజనును సరిచేయడం ఒక విద్య. మోటారు మూసిన పెట్టె వంటిది, దానిలో నేర్చుకునేదేముంది అని. ఇందులో నిజముంది. అందుకే విప్పిన ఇంజనును పాత ఇనుముకు అమ్మేయకండి. బడి ప్రయోగశాలకు ఇవ్వండి. పిస్టను, సిలిండరు కిటికీలు తరువాతి తరగతులవారు చేత్తో పట్టుకుని చూస్తారు.

చివరగా ఒక హెచ్చరిక. మిథనాల్ విషం, చూపు పోగొట్టగలదు. బ్యాటరీ కూడా అమాయకమైనది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. లిథియం బ్యాటరీని పడకగదిలో ఛార్జి చేయకండి, ఛార్జింగు పెట్టి నిద్రపోకండి. ఉబ్బినదాన్ని పొడవకండి, మళ్లీ వాడకండి. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టులకు దిగకూడదు. పెద్దలు పక్కన లేకుండా ఈ పనికి దిగవద్దు.

ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఇంజను నుంచి మోటారుకు మారిన యంత్రం ఒకటి వెతకండి. దాని మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్ గంటలు రాసుకోండి. నడిపేవారిని అడిగి పాత ఇంజను ఎంత తాగేదో తెలుసుకోండి. లెక్క వేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.