మాన్యువల్‌కి కూడా మార్కులు వేద్దాం

కొత్త ఫోన్ వస్తే మనం ఏం చూస్తాం? డిస్‌ప్లే, ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ, ఛార్జింగ్ స్పీడ్. బాక్స్‌లో ఛార్జర్ లేకపోతే గోల చేస్తాం. అదే బాక్స్‌లో మడతలు పెట్టి ఉండే కాగితం గురించి మాత్రం ఒక్క మాట రాయం. అన్‌బాక్సింగ్ వీడియోలో దానికి దక్కేది రెండు సెకన్లు. "ఇదిగో యూజర్ గైడ్" అని చూపించి పక్కన పడేస్తాం.

ఫోన్ విషయంలో ఇది నడిచిపోతుంది. ఏదైనా తప్పు నొక్కితే బ్యాక్ కొట్టొచ్చు. కానీ మెషీన్‌తో, మందుతో, కరెంటుతో పని చేసుకుని బతికే మనిషికి బ్యాక్ బటన్ ఉండదు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. పనిచేసే చోట చదివే కాగితం కూడా ప్రొడక్ట్‌లో భాగమే. అది చదివేవాళ్ల కొలతల్లో, చదివేవాళ్ల మాటల్లో లేకపోతే ఆ ప్రొడక్ట్ సగమే తయారైనట్టు. ఎందుకో చెప్పడానికి నంద్యాల జిల్లాలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

నంద్యాల: హెక్టార్ ఎవరిది?

నంద్యాలలో ఏ పురుగుమందుల షాపుకైనా వెళ్లి ఒక డబ్బా చేతిలోకి తీసుకోండి. లేబుల్ మీద డైమండ్ ఆకారంలో ఒక గుర్తు, అందులో రంగు త్రికోణం కనిపిస్తుంది. ఎరుపు అంటే అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం, చివర్లో ఆకుపచ్చ. ఇది మన దేశంలో రూల్ ప్రకారం వేసే గుర్తు. ఐడియా చాలా బాగుంది: అక్షరం చదవకపోయినా ప్రమాదం ఎంతో కంటికి తెలియాలి.

ఇప్పుడు లోపలున్న కరపత్రం విప్పండి. చాలా భాషలు, చీమ తలకాయంత అక్షరాలు. మోతాదు ఎక్కువగా హెక్టార్ లెక్కలో ఉంటుంది. మన దగ్గర పొలాన్ని ఎకరాల్లో చెప్తారు, మందును ట్యాంకుల్లో కొడతారు. హెక్టార్ అంటే దాదాపు 2.47 ఎకరాలు. ఉదాహరణకు "హెక్టార్‌కు 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీటిలో" అని ఉందనుకుందాం. అంటే లీటరుకు 1 మిల్లీలీటరు. 16 లీటర్ల ట్యాంకుకు 16 మిల్లీలీటర్లు. ఎకరానికి సుమారు 200 మిల్లీలీటర్లు. ఈ లెక్క కంపెనీ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని ఒక్కసారి చేస్తే సరిపోతుంది. అక్కడ చేయలేదు కాబట్టి, ఎండలో గట్టు మీద నిలబడి ప్రతి రైతూ మళ్లీ మళ్లీ చేసుకోవాలి. అక్కడ లెక్క తప్పితే డబ్బు పోతుంది, లేదా మందు ఎక్కువై పంట, మనిషి రెండూ దెబ్బతింటాయి.

కరపత్రంలో అబద్ధం ఏమీ లేదు. సమాచారం మొత్తం ఉంది, కరెక్ట్‌గా ఉంది. కానీ అది రైతు కోసం రాసింది కాదు, ఫైల్ కోసం రాసింది.

ఆళ్లగడ్డ: ఏ అంగుళం?

నంద్యాల నుంచి కడప వైపు హైవే ఎక్కితే ఆళ్లగడ్డ వస్తుంది. అహోబిలం వెళ్లేవాళ్లందరికీ తెలిసిన ఊరే. అక్కడి శిల్పాల పని దేశమంతా పేరున్నది. ఇప్పుడు ఉలి, సుత్తితో పాటు గ్రైండర్, కటింగ్ మెషీన్ కూడా ఆ పనిలో భాగమైపోయాయి.

శిల్పశాస్త్రం కూడా ఒక రకంగా టెక్నికల్ డాక్యుమెంటే. నవతాళ పద్ధతిలో విగ్రహం ఎత్తు 9 తాళాలు. ఒక తాళం అంటే ముఖం పొడవు. తాళానికి 12 అంగుళాలు, మొత్తం 108 అంగుళాలు. ఈ అంగుళం మన టేపు మీద ఉండే అంగుళం కాదు. విగ్రహం ఎత్తును 108 భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం. విగ్రహం అరచేతిలో పట్టేదైనా, ఆరడుగులదైనా కొలత అదే. ముందు యూనిట్ చెప్పి, ఆ తర్వాతే కొలతలు చెప్పడం ఎంత ముఖ్యమో ఆ పద్ధతి చూస్తే అర్థమవుతుంది.

ఎందుకంటే అదే మాట పక్కనే ఇంకో అర్థంలో వాడుతున్నాం. "4 అంగుళాల గ్రైండర్" అన్నప్పుడు అది టేపు అంగుళం. ఒకే మాట, రెండు కొలతలు. యూనిట్ చెప్పకపోతే ఏమవుతుందో నాసాని అడగండి. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి వెళ్లి నాశనమైంది. గ్రౌండ్ సాఫ్ట్‌వేర్ ఒకటి పౌండ్ల లెక్కలో అంకెలు ఇచ్చింది, వాటిని తీసుకున్నవాళ్లు న్యూటన్ల లెక్క అనుకున్నారు. అంత పెద్ద సైంటిస్టులకే ఈ తిప్పలు.

ఇక గ్రైండర్ సంగతి. డిస్క్ మీద గరిష్ఠ ఆర్‌పీఎం రాసి ఉంటుంది. మెషీన్ మీద దాని ఆర్‌పీఎం ఉంటుంది. డిస్క్ అంకె మెషీన్ అంకె కంటే తక్కువ ఉండకూడదు. అసలు విషయం ఇంతే. 4 అంగుళాల మెషీన్లు సాధారణంగా 11,000 దరిదాపుల్లో తిరుగుతాయి. 7 అంగుళాల డిస్క్‌కి సాధారణ పరిమితి 8,500. గార్డ్ తీసేసి పెద్ద డిస్క్‌ని చిన్న మెషీన్‌కి బిగిస్తే, డిస్క్ అంచు వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. అంటే గంటకు 370 కిలోమీటర్ల పైమాటే. ఆ డిస్క్‌ని తట్టుకునేలా చేసింది సెకనుకు 80 మీటర్లకే. పగిలితే ముక్క ఎటు పోతుందో చెప్పలేం.

నేను చూసిన ఒక గ్రైండర్ బుక్‌లెట్‌లో హెచ్చరికలు పేజీల కొద్దీ ఉన్నాయి. పిల్లలకు దూరంగా ఉంచండి, వానలో వాడకండి, వదులు బట్టలు వేసుకోకండి. ఈ ఆర్‌పీఎం ముక్క వాటి మధ్యలో ఎక్కడో, అన్నిటితో సమానమైన సైజులో ఉంది. అన్నీ హెచ్చరికలే అయితే ఏదీ హెచ్చరిక కాదు.

సగం చెప్పిన మాట కూడా ప్రమాదమే. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. అందుకని "నీళ్లు పోస్తూ కోయండి" అని రాసి వదిలేస్తే? నీళ్లతో వాడేలా తయారు చేయని కరెంటు గ్రైండర్ మీద ఎవరైనా నీళ్లు పోస్తే షాక్ కొడుతుంది. ఏ మెషీన్‌కి అన్నది అదే వాక్యంలో ఉండాలి.

'తీయండి' అంటే ఏంటి?

"తెలుగులో రాస్తే సరిపోతుంది కదా" అనుకోవద్దు. ఫోటో తీయండి, ప్లగ్ తీయండి, తలుపు తీయండి. మూడూ 'తీయండే', మూడూ వేరే పనులు. మరి "కవర్ తీయండి" అంటే తెరవాలా, ఊడదీసి పక్కన పెట్టాలా? మాట్లాడుతూ ఉంటే చేత్తో చూపిస్తాం. కాగితానికి చేతులు లేవు.

విమానాల రంగంలో ఈ తలనొప్పికి ఎప్పుడో మందు కనిపెట్టారు. సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని ఒక స్టాండర్డ్ ఉంది. అందులో సుమారు 900 మామూలు మాటలకే పర్మిషన్. ఒక మాటకి ఒకటే అర్థం. పని చెప్పే వాక్యంలో 20 పదాలు మించకూడదు. ఇంగ్లిష్ మాతృభాష కాని మెకానిక్ కూడా తప్పు లేకుండా పని చేయాలని ఇదంతా. తెలుగుకి అంత పెద్ద స్టాండర్డ్ లేకపోయినా, మనం రాసే ఒక్క పేజీలో 'తెరవండి', 'ఊడదీయండి' అని రెండు మాటలు విడిగా వాడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

"ఇప్పుడు మాన్యువల్ ఎవరు చదువుతారు, యూట్యూబ్ ఉంది కదా" అంటారు. నిజమే, కొత్త పని నేర్చుకోవడానికి వీడియో చాలా బాగుంటుంది. కానీ చేతుల నిండా దుమ్ముతో, ఒకే ఒక్క అంకె కావాల్సినప్పుడు 12 నిమిషాల వీడియోని ఎక్కడని జరుపుతారు? ఆ అంకె మెషీన్ పక్కన గోడకి అంటించిన కాగితం మీద ఉండాలి. అమెరికా సైన్యం 1951లోనే పీఎస్ అనే పత్రిక మొదలుపెట్టి, కామిక్స్ ఆర్టిస్ట్ విల్ ఐస్నర్‌తో వాహనాలు, తుపాకుల మెయింటెనెన్స్ గురించి బొమ్మలతో చెప్పించింది. అది సైనికులకి తెలివి లేదని కాదు, వాళ్లకి టైమ్ లేదని.

రేపు రాసేది మీరే

ఇది కంపెనీల గొడవే అనుకుంటే పొరపాటు. మీలో చాలామంది సచివాలయంలోనో, సర్వీస్ సెంటర్‌లోనో, సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనో చేరతారు. "నీకు టెక్నాలజీ తెలుసు కదా, నువ్వే రాయి" అని మీ మీదే పెడతారు. అప్పుడు ఇలాంటి వాక్యం రాయకండి:

"పెండింగ్‌లో ఉన్న ఈకేవైసీలను సరిచూసుకొని యుద్ధప్రాతిపదికన పూర్తి చేయవలసినదిగా తెలియజేయడమైనది."

ఎవరు చేయాలి? ఎప్పటికి? ఎలా? అదే విషయం ఇలా రాయొచ్చు:

"డిజిటల్ అసిస్టెంట్లకు. శుక్రవారం సాయంత్రం 5 గంటల లోపు చేయాలి.
1. యాప్‌లో పెండింగ్ లిస్ట్ తెరవండి.
2. లిస్ట్‌లో ఉన్నవాళ్లకి ఫోన్ చేసి, ఆధార్ కార్డుతో రమ్మనండి.
3. రెండుసార్లు ప్రయత్నించినా వేలిముద్ర పడకపోతే, ఆ పేరు విడిగా రాసి పెట్టండి.
లిస్ట్‌లో మీరు విడిగా రాసిన పేర్లు మాత్రమే మిగిలితే పని అయిపోయినట్టే."

రాశాక ఒక టెస్ట్ చేయండి. ఆ పని తెలియని ఒకరికి కాగితం ఇచ్చి, మీరు నోరు మూసుకుని పక్కన కూర్చోండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ మీ వాక్యం తప్పు, వాళ్లది కాదు. చదివేది డిస్క్ బిగించే పని గురించైతే కరెంటు కనెక్షన్ లేకుండా చేయించండి.

నా వరకు, ఇకపై రాసే ప్రతి టూల్ రివ్యూలో మాన్యువల్‌కి 10 మార్కులు పెడుతున్నా. కొలతలు మనవైతే 3, ప్రమాదం సంగతి ఆ పనికి ముందే చెప్తే 3, ఒక స్టెప్‌లో ఒకే పని ఉంటే 2, తెలుగు మనిషి మాట్లాడే తెలుగైతే 2. మొదటి రివ్యూలో 4 అంగుళాల గ్రైండర్ వస్తుంది. ఆర్‌పీఎం సంగతి ఏ పేజీలో ఉందో, ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అందులో ముందే రాస్తా.