పగడాల కాపుదల మురుగు గొట్టం దగ్గరే మొదలు

పగడపు దిబ్బలను కాపాడటమంటే సముద్రంలో హద్దు గీసి, లోపల వేట నిషేధించి, జాతీయ పార్కుగా ప్రకటించడమేనన్న అభిప్రాయం విధానకర్తల్లో పాతుకుపోయింది. వేట మీద అదుపు అవసరమే. కానీ ఒడ్డున ఉన్న ఊరి మురుగు ఆ హద్దు దగ్గర ఆగదు. పగడం పెరిగేది పోషకాలు అతి తక్కువగా ఉన్న తేటనీటిలో. తన కణజాలంలో సూక్ష్మ శైవలాలకు చోటిచ్చి, అవి ఎండతో వండిపెట్టే ఆహారం మీద అది బతుకుతుంది. ఆ నీటిలోకి మురుగుతోపాటు నత్రజని, భాస్వరం చేరితే బలిసేది నాచు. అది పగడాన్ని కమ్మేసి వెలుగు అందనివ్వదు. పగడపు పిల్లలు అంటుకోవడానికి రాతి మీద చోటూ మిగల్చదు. రోగాలు అదనం. ఫ్లోరిడా కీస్‌లో కొమ్ముల పగడాన్ని తీవ్రంగా దెబ్బతీసిన తెల్లమచ్చల తెగులుకు కారణమైన బ్యాక్టీరియా మనుషుల మురుగు నుంచే వచ్చిందని 2011లో పరిశోధకులు రుజువు చేశారు.

ఈ నష్టాన్ని వెనక్కి మళ్లించవచ్చని చూపిన చోటు హవాయిలోని కనెయోహె అఖాతం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ తీరం వేగంగా పట్టణమైంది. మురుగు అఖాతంలోకే వెళ్లింది. బుడగల్లాంటి ఒక పచ్చనాచు పగడాలను కప్పేసింది. 1977-78లో ఆ మురుగును అఖాతం బయట, లోతు సముద్రంలోకి మళ్లించారు. నీరు తేటపడింది, నాచు తగ్గింది. 1983 నాటికే పగడాలు పుంజుకున్నట్టు సర్వేలో తేలింది. తర్వాతి కథ అంత నేరుగా సాగలేదన్నదీ చెప్పాలి. కొన్నిచోట్ల నాచు దశాబ్దాలపాటు పట్టు వదల్లేదు, 2006లో గానీ దాదాపు మాయం కాలేదు. మురుగు ఆపిన మరునాడే దిబ్బ కోలుకోదు. అందుకే ఆలస్యం చేసే ప్రతి ఏడూ ఖరీదైనదే.

సముద్రమే వేడెక్కి పగడాలు తెల్లబడుతుంటే మురుగు గురించి బెంగ ఎందుకన్నది బలమైన అభ్యంతరం. వేడి అతిపెద్ద ముప్పన్నది కాదనలేని నిజం. కానీ ఈ రెండు ముప్పులూ వేర్వేరుగా పనిచేయవు. నీటిలో నత్రజని పెరిగి భాస్వరంతో తూకం తప్పితే, పగడంలోని శైవలాలు బలహీనపడి తక్కువ వేడికే దిబ్బ తెల్లబడుతుంది. హవాయి దిబ్బల మీద 2023లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం 2015 నాటి సముద్రపు వేడి తాకిడికి ముందు, తర్వాతి పరిస్థితులను పోల్చింది. నేల మీది కాలుష్యాన్ని తగ్గించడం, నాచు మేసే చేపలను పెంచడం రెండూ కలిసి జరిగితే, ఏదో ఒక్కటి చేసినప్పటికంటే దిబ్బ నిలబడే అవకాశం 3 నుంచి 6 రెట్లు ఎక్కువని తేల్చింది. భూతాపం తగ్గడానికి ప్రపంచమంతా కదలాలి. మురుగు ఆపడానికి ఒక పురపాలక సంఘం చాలు.

శుద్ధి కేంద్రం ఉంది కదా, ఇంకేం కావాలన్నది రెండో వాదన. సాధారణ శుద్ధి మలినాలను, క్రిములను తగ్గిస్తుంది గానీ నత్రజనిలో చాలా భాగాన్ని నీటిలోనే వదిలేస్తుంది. హవాయిలోనే మావీ ద్వీపంలోని లహైనాలో శుద్ధి చేసిన నీటిని బోరుబావుల్లోకి పంపేవారు. ఆ నీటిలో రంగు కలిపి చూస్తే 84 రోజులకు అది తీరాన దిబ్బల పక్కన ఊరింది. దీనిపై నడిచిన కేసులో, భూగర్భం గుండా వెళ్లినంత మాత్రాన ఆ నీటిని సముద్రంలోకి వదిలినట్టు కాకుండా పోదని 2020లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ఖర్చు మాట నిజమే. మురుగు గుంతలు వేల సంఖ్యలో ఉన్న హవాయి, వాటిని మార్చడానికి 2050ని గడువుగా పెట్టుకోవాల్సి వచ్చింది. కానీ ఆ ఖర్చును పగడాల ఖాతాలోనే రాయడం తప్పు. మన లక్షద్వీప్‌నే చూడండి: ఇసుక నేల కింద పలచటి మంచినీటి పొర ఉంది. మరుగుదొడ్డి గుంతలోంచి ఊరేది ముందు బావిని, తర్వాత దిబ్బల నడుమ మడుగును చేరుతుంది. తాగునీటికి పెట్టే ఖర్చే అక్కడ పగడానికీ రక్ష. కాబట్టి అక్కడ పర్యాటక వసతులకు అనుమతులిచ్చేటప్పుడు ఎన్ని గదులని కాక, నత్రజనిని తొలగించే శుద్ధి ఎంతమందికి సరిపోతుందని ముందు అడగాలి. ఆ లెక్క తేలేదాకా కొత్త గదికి అనుమతి ఇవ్వకూడదు.