ఐదేళ్ల పిల్లకి లెక్కలు: ఏ పుస్తకం కొనాలి?

మా అక్కా బావా విజయనగరంలో ఉంటారు. వాళ్ల పాపకి ఐదున్నరేళ్లు. కొన్నాళ్లు ఇంట్లోనే చదివించి తర్వాత బడిలో వేద్దామనుకుంటున్నారు. తెలుగూ ఇంగ్లీషూ అక్క చూసుకుంటుందట. లెక్కల దగ్గరకొచ్చేసరికి "నువ్వు ఇంజినీరువి కదరా, ఏ పుస్తకం కొనాలో నువ్వే చెప్పు" అని నా మీదకి తోసేసింది. ఇంజినీరింగులో ఎమ్-1, ఎమ్-2 గట్టెక్కడానికీ, ఐదేళ్ల పిల్లకి 'ఏడు' అంటే ఏమిటో చెప్పడానికీ ఏ సంబంధమూ లేదని ఎవరితో చెప్పుకోను?

సరే, తెలిసినవాళ్లని అడిగాను. అమెరికాలో ఉన్నవాళ్లు సింగపూర్ మ్యాథ్ అన్నారు. బెంగుళూరు వాళ్లు కుమోన్ అన్నారు. విశాఖ మిత్రుడు అబాకస్ అన్నాడు. మా బాబాయి వేదగణితం అన్నారు. మన ఆఫీసుల్లో రిక్వైర్‌మెంట్ ఏమిటో చూడకుండా ఫ్రేమ్‌వర్క్ గురించి కొట్టుకుంటామే, అచ్చం అలాగే ఉంది.

ఒక్కొక్కటీ చూద్దాం. కుమోన్ 1954లో జపానులో పుట్టింది. తోరు కుమోన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు తన కొడుకు కోసం చేత్తో రాసిన వర్క్‌షీట్లు దానికి మూలం. రోజూ కొంచెం, క్రమం తప్పకుండా అన్నది అందులో నాకు నచ్చిన సంగతి. కానీ అది చేతికి అలవాటు నేర్పే పద్ధతి. అర్థం అప్పటికే తెలిసిన పిల్లకి బాగా పనికొస్తుంది, తెలియని పిల్లకి కాగితాలు నింపడమే మిగులుతుంది. అబాకస్‌లో వేగం వస్తుంది, కాదనను. ఐదేళ్లకి వేగం ఎందుకో నాకర్థం కాదు. 1965లో అచ్చయిన వేదగణితం పుస్తకంలోని కిటుకులు తెలియాలంటే ఒకట్లు, పదుల స్థానాలు ముందే వంటబట్టి ఉండాలి. అంటే అది తర్వాతి సంగతి.

ఇక సింగపూర్ పద్ధతి. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె. నా ఓటు ఈ వరసకే. అయితే ఈ వరస కోసం డాలర్లు పోసి సెట్టు తెప్పించుకోనక్కర్లేదు. మన వైపు ప్రతి ఇంట్లోనూ చింతపిక్కలున్నాయి. వామనగుంటలు ఆడేటప్పుడు పిల్లలు చేసేది లెక్కపెట్టి పంచడమే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు పడగానే చూపుతోనే ఎన్నో చెప్పడం, అన్ని గళ్లు జరపడం, ఇదంతా లెక్కే.

ఇంకొకటి. మన పాత కొలతలు గుర్తున్నాయా? నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. సోల నుంచి కుంచం దాకా 1, 2, 4, 8, 16! మనం కాలేజీలో బైనరీ అని బట్టీ పట్టినదాన్ని మన అమ్మమ్మలు ధాన్యం కొలుస్తూ చేశారు. పిల్ల చేతికి గ్లాసు, గిన్నె, బియ్యం ఇస్తే సగం, పావు అన్నవి చెప్పకుండానే తెలుస్తాయి.

ఇప్పుడు అసలు విషయం, భాష. ఇంగ్లీషులో 'ఫోర్టీన్' అన్నప్పుడు నాలుగు ముందు వినిపిస్తుంది. రాసేటప్పుడు మాత్రం ఒకటి ముందు రాయాలి. అందుకే పిల్లలు 14ని 41 అని రాస్తుంటారు. తెలుగులో 'పద్నాలుగు', 'పదిహేడు' అంటే పది ముందే వినిపిస్తుంది, తర్వాత మిగతాది. పదకొండు, పన్నెండు దగ్గర కొంచెం తిరకాసు ఉన్నా, మిగతా అంతా విన్నట్టే రాయొచ్చు. ఇంత సుళువైనదాన్ని పక్కనబెట్టి ఐదేళ్ల పిల్లకి మొదటిరోజు నుంచీ ఇంగ్లీషులోనే లెక్కలు చెప్పడం ఎందుకు?

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. మనకి తెలుగు లెక్కల పుస్తకం కోసం అంత కష్టం కూడా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ 2023లో ఒకటి, రెండు తరగతులకి 'జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్' తెచ్చింది, నెట్‌లో ఉచితం. నా సలహా ఏమిటంటే, మొదటిది ప్రధాన పుస్తకం, రెండోది తోడు. రోజుకి ఇరవై నిమిషాలు. అందులో సగం పిక్కలతో, సగం కాగితం మీద.

"రేపు ఇంగ్లీషు మీడియంలో వేస్తే?" అంటారు. ఏడు అంటే తెలిసిన పిల్లకి 'సెవెన్' నేర్చుకోవడం ఒక మాట నేర్చుకోవడం. ఏడంటే తెలియని పిల్లకి అవి రెండు కష్టాలు. "ఐఐటీ ఫౌండేషన్‌లో వెనకబడిపోదూ?" అని ఇంకో మాట. దానికి ఇంకా బోలెడు ఏళ్లున్నాయి మహాప్రభో. ఈలోగా పిల్లకి లెక్కలంటే భయం పట్టుకుంటే ఏ ఫౌండేషనూ కాపాడదు.

ఒకటి మాత్రం మర్చిపోకండి. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్లు నిండిన పిల్లలకి వర్తిస్తుంది. పిల్లని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది. ఆలస్యంగా చేరినా వయసుకి తగిన తరగతిలోనే తీసుకోవాలని 4వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఇంటి చదువుని బడికి బదులుగా కాక, బడికి ముందు దొరికిన తీరిక సమయంగా చూడటమే నయం అని నా అభిప్రాయం.

ఏ పుస్తకం కొన్నా పరీక్ష ఒక్కటే. 15లోంచి 8 తీస్తే ఎంత అని అడగండి. జవాబు రాగానే "శభాష్" అని ఊరుకోకుండా "ఎలా వచ్చిందమ్మా?" అని అడగండి. "ఐదు తీస్తే పది, ఇంకో మూడు తీస్తే ఏడు" అని తన మాటల్లో చెప్పిందా, పుస్తకం పని చేస్తున్నట్టే. వేళ్లు దాచుకుని మీ మొహం వంక చూసిందా, పేజీలు తిప్పడం ఆపి మళ్లీ పిక్కలు తియ్యండి.