పురమాయింపు కూడా ఒక విద్యే

దూరదేశంలోని ఒక చిన్న పనిశాలకు మన చేతి కొలతలు పంపి, మన కోసమే ఒక గిటారు చేయించుకోవడం అవసరమా, ఆడంబరమా? కామారెడ్డిలోని మా మిత్రబృందంలో కొన్నాళ్ళుగా నలుగుతున్న ప్రశ్న ఇది. చేయించుకోదలచిన మిత్రుడిది ఎల్లారెడ్డి. అతడు కోరుకున్నది ఆర్చ్‌టాప్ అనే రకం గిటారు. "ఇంత డబ్బు పోసి ఒక చెక్కపెట్టె తెప్పించుకుంటావా?" అని ఒకరు ఆక్షేపించారు. "బొబ్బిలి వీణ ఉండగా పరాయి వాద్యమెందుకు?" అని మరొకరు నిలదీశారు. రెండు వాదనలూ విన్న తరువాత నాకు కలిగిన అభిప్రాయం వేరు. వస్తువును కొనడం అందరికీ తెలుసు. వస్తువును పురమాయించడం మాత్రం మనం మరచిపోతున్న విద్య. ఆ విద్య తెలిసినవాడు, లేదా నేర్చుకోవడానికి సిద్ధపడినవాడు, ఎంత దూరానికైనా పురమాయించవచ్చు. అది తెలియనివాడు పక్కవీధిలో చేయించుకున్నా దండగే.

ముందుగా ఆ వాద్యం సంగతి చెప్పాలి. మామూలు గిటారు పైచెక్క బల్లపరుపుగా ఉంటుంది. ఆర్చ్‌టాప్ పైచెక్క వయొలిన్ పొట్టలాగా మధ్యలో ఉబ్బి, అంచులవైపు వాలుతుంది. మందపాటి స్ప్రూస్ చెక్కను ఉలితోను, చిన్న చిన్న చిత్రికలతోను లోపలా బయటా చెక్కి, కొన్ని మిల్లీమీటర్ల మందానికి తేవాలి. వెనుకభాగానికీ పక్కలకూ సాధారణంగా మేపుల్ కలప వాడతారు. నడుమ గుండ్రని రంధ్రానికి బదులు వయొలినుకు ఉన్నట్లే రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలుంటాయి. బ్రిడ్జిని, అంటే మన వీణవారు గుర్రం అనేదానిని, అతికించరు. అది కేవలం తీగల ఒత్తిడితోనే పైచెక్క మీద నిలబడుతుంది.

అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ ఈ విధంగా చెక్కిన మాండొలినుకు 1898లో పేటెంటు పొందాడు. ఆయన పేరుతో 1902లో కలమజూ పట్టణంలో వెలసిన సంస్థ 1922లో ఎల్-5 అనే గిటారును తెచ్చింది. తరువాతి ఆర్చ్‌టాప్‌లన్నిటికీ అదే ఒరవడి. మైకులూ ఆంప్లిఫైయర్లూ ఇంకా అలవాటు కాని జాజ్ మేళాలలో, బాకాల హోరు నడుమ గిటారు కూడా వినబడాలన్నది ఆనాటి అవసరం. అదే సంస్థ 1934లో తెచ్చిన పెద్ద గిటారుకు సూపర్ 400 అని పేరు పెట్టారు. దాని ధర 400 డాలర్లు, అందుకే ఆ పేరు. అంటే ఈ వాద్యం మొదటినుండీ ఖరీదైనదే.

ఇక పరాయితనం మాట. వయొలిన్ పొట్టకూ ఆర్చ్‌టాప్ పొట్టకూ సూత్రం ఒక్కటే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలినును కర్ణాటక సంగీతంలోకి తెచ్చి సుమారు రెండు వందల ఏళ్ళయింది. విజయనగరంలో ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో అది మన ఇంటి వాద్యమే అయిపోయింది. హిందుస్తానీవారు మరొక అడుగు ముందుకు వేశారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా వాయించినది తన అవసరానికి తగ్గట్లు మార్పించుకున్న సూపర్ 400నే. విశ్వమోహన్ భట్ మోహనవీణ కూడా అదనపు తంత్రులు బిగించిన ఆర్చ్‌టాప్ గిటారే. ఆ వాద్యంతోనే ఆయన రై కూడర్‌తో కలిసి 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నారు. కాబట్టి "మనది కాదు" అన్న ఆక్షేపణ నిలవదు. వాద్యం ఎక్కడ పుట్టిందన్నది కాదు, దానితో మనం ఏమి పలికించదలచుకున్నామన్నదే ప్రశ్న.

సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే మా మిత్రుడు చిక్కుపడ్డాడు. పనిశాల యజమాని అతనికొక ప్రశ్నావళి పంపాడు. వాద్యం వెడల్పు 16 అంగుళాలా, 17 అంగుళాలా, 18 అంగుళాలా? దండి మొదట్లో ఎంత వెడల్పు ఉండాలి? దాని వెనుకభాగం గుండ్రంగానా, కాస్త చదునుగానా? ఎంత లావు తీగలు వాడతావు? కుర్చీలో కూర్చుంటావా, నేలమీదనా? వీటన్నిటికీ ఒక సాయంత్రంలోనే జవాబులు రాశాడు. కాగితం మీద అరచేయి ఆనించి గీత గీసి మరీ పంపాడు. చివరి ప్రశ్న, నీకు ఎటువంటి నాదం కావాలి? అన్నది. దానికి పదిహేను రోజులు పట్టింది. తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ, వెచ్చనిది, తీయనిది, లోతైనది, అన్నీ ఇంతకుముందు ఎవరో ఎక్కడో రాసినవే. తన చెవిలో మోగుతున్నది వాటిలో ఏదీ కాదు.

అతడు తెలుగులో ఆలోచించడం మొదలుపెట్టాక దారి దొరికింది. నాదాన్ని చెప్పడానికి మన భాషలో ఉన్నన్ని అనుకరణ శబ్దాలు చూడండి. ఖంగుమనడం వేరు, టంగుమనడం వేరు. గుమ్మనడం వేరు, ఝుమ్మనడం వేరు. బొంగురుకూ జీరకూ తేడా తెలియని తెలుగువాడు ఉండడు. అంగడిలో కుండ కొనే మన అమ్మలు వేలి కణుపుతో తట్టి, ఖంగుమంటే గంపలో పెట్టుకుంటారు, బొద్దుగా మోగితే పక్కన పెడతారు. ఆర్చ్‌టాప్ చేసే పనివాడు పైచెక్కను పలచన చేస్తూ మధ్యమధ్య వేలితో తట్టి వినేదీ అదే. చెవి ఒక్కటే, చెక్కా మట్టీ మాత్రమే వేరు. మిత్రుడు చివరకు రాసిన జవాబు ఇది: మీటగానే ఖంగుమనాలి, ఆ వెంటనే ఝుమ్మని సన్నగిల్లాలి, గుమ్మని మిగిలిపోకూడదు. ఒక్కొక్క మాటకూ ఒక చిన్న రికార్డింగు జతచేశాడు. ఇదీ పురమాయించడమంటే.

గొప్ప వాద్యకారులు చేసిందీ ఇంతే. జాన్ మెక్‌లాగ్లిన్ డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకున్నాడు. గమకం పలకాలంటే తీగ బాగా సాగాలి, మామూలు గిటారు మెట్ల మీద ఆ వెసులుబాటు తక్కువ. అందువల్ల మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించి, అడ్డంగా ఏడు శ్రుతితంత్రులు బిగింపించి, అబ్రహం వెక్టర్ అనే పనివాని చేత శక్తి బృందం కోసం ప్రత్యేకంగా గిటారు చేయించుకున్నాడు. తరువాత అదే మెక్‌లాగ్లిన్ పక్కన కూర్చుని వాయించిన మన పాలకొల్లు శ్రీనివాస్ (1969-2014) జంటతీగల మాండొలినును వదలి, అయిదు ఒంటితీగల విద్యుత్ మాండొలిన్ ఎంచుకున్నాడు. ఇద్దరికీ తమ చేతికి అడ్డుపడుతున్నదేమిటో ముందే తెలుసు. అంగట్లో దొరికేది ఎక్కడ చాలడం లేదో చెప్పగలిగినవాడే పురమాయించడానికి అర్హుడు. "అందరికంటే మంచిది కావాలి" అన్నది పురమాయింపు కాదు, వేలంపాట.

ఈ విద్య మన పల్లెలకు తెలియనిది కాదు. ట్రాక్టర్లు రాకముందు ఎల్లారెడ్డి, లింగంపేట ప్రాంతాల రైతు వడ్ల ఇంటికి పోయి నాగలి చేయించుకునేవాడు. ఎడ్ల ఎత్తు, పట్టేవాని చేయి, నేల నల్లరేగడా ఎర్రచెలకా, ఇవన్నీ మాటల్లో తేలిన తరువాతే తుమ్మమొద్దు మీద బాడిశ పడేది. తరువాతి తరంలో మా జిల్లానుండి గల్ఫ్‌కు పోయినవారు టేపురికార్డర్లు తెచ్చారు. అవి మంచివే. కాని వాటితో మనకు వేరొక అలవాటు పట్టుబడింది. పెట్టె విప్పడం, వాడడం, చెడితే పారవేయడం. చేసినవానితో మాట్లాడవలసిన పని లేదు. ఆ మౌనం నెమ్మదిగా అన్నిటికీ పాకింది.

దాని దెబ్బ ఎక్కువగా తగిలినది వీణకేనని నా అనుమానం. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనసమొద్దు నుండి కుండ, దండి కలిపి తొలిచే ఏకాండి వీణ లోకప్రసిద్ధం. దానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అయినా నేడు బొబ్బిలి వీణ అనగానే చాలామందికి తోచేది సన్మానసభల్లో ఇచ్చే చిన్న జ్ఞాపిక. వాయించని వీణను కొనేవాడు పనివానిని ఏమని అడుగుతాడు? కుండ ఎంత మందం ఉండాలనీ, నాదం ఎంతసేపు నిలవాలనీ అడిగే చెవి లేకపోతే, ఆ చేతిలోని నేర్పు ఎవరికోసం బతకాలి? మా మిత్రుడు విదేశానికి డబ్బు పంపడం వల్ల బొబ్బిలికి నష్టం లేదు. బొబ్బిలిని ప్రశ్నలు అడగని మనందరి వల్లనే నష్టం.

బీజింగ్‌లో 1992లో మొదలైన ఈస్ట్‌మన్ సంస్థ మొదట వయొలిన్లు చేసి, ఆ చెక్కుడు నేర్పుతోనే ఆర్చ్‌టాప్ గిటార్లకు వచ్చింది. న్యూయార్క్‌లో 1932 నుండి 1964లో చనిపోయేదాకా వెయ్యికి పైగా గిటార్లు చేసిన జాన్ డి'ఏంజెలికో కూడా వయొలిన్లు, మాండొలిన్లు చేసే బంధువు వద్దనే పని నేర్చాడు. పనసమొద్దును తొలిచి నాదం పుట్టించగల చేతులకు స్ప్రూస్ చెక్క అసాధ్యమా? ఎవరైనా అడగాలి. అడగడం తెలిసినవాడు అడగాలి.

ఖర్చు సంగతి దాటవేయలేను. పేరున్న పనివాడు చేసే ఆర్చ్‌టాప్ కొన్ని వేల డాలర్లు ఉంటుంది. బయానా ఇచ్చిన తరువాత నెలలు, ఒక్కొక్కచోట ఏళ్ళు ఎదురుచూడాలి. మిగిలిన సొమ్ము డాలర్లలోనే కట్టాలి. 2008 మొదట్లో డాలరు 40 రూపాయల లోపు ఉండేది, ఆ ఏడాది చివరికి 50 చేరింది. అప్పుడు బయానా ఇచ్చి కూర్చున్నవారికి గిటారు మారకుండానే ధర నాలుగోవంతు పెరిగింది. పైగా కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధర మీదనే కాక రవాణా, బీమా కలిపిన మొత్తం మీద లెక్కగడతారు. కలపకు కూడా కాగితాలుంటాయి. మన జిట్రేగి జాతి కలపలన్నిటి ఎగుమతి దిగుమతుల మీద 2017 జనవరిలో అంతర్జాతీయ నియంత్రణ వచ్చింది. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో సడలింపు లభించింది. మన అడవి కలప ప్రపంచమంతటా గిటార్ల మెట్లపలక అవుతుందనీ, దానినే మళ్ళీ సుంకం కట్టి తెచ్చుకుంటామనీ తలచుకుంటే నవ్వు వస్తుంది.

ఈ లెక్కలకంటే పెద్దది ఇంకొకటుంది. వచ్చిన వాద్యాన్ని చూసుకునే చేయి ఎక్కడ? పనిశాలలో గాలి తేమను ఒకే తీరున నిలిపి చెక్కిన చెక్క అది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మా ఎండకు కలప ముడుచుకుంటుంది, శ్రావణపు ముసురుకు ఉబ్బుతుంది. పైచెక్క పొట్ట కదిలితే తీగల ఎత్తు మారుతుంది. అతికించని గుర్రం వెంట్రుకవాసి జరిగినా పైమెట్ల మీద శ్రుతి తప్పుతుంది. వీణవారికి ఈ చింత పాతదే. మైనంలో నిలిపిన 24 మెట్లు కాలక్రమాన కదిలిపోతాయి, మళ్ళీ మేళం కట్టించాలి. అందుకే వీణ ఉన్న ఇంటికి మేళం కట్టేవాని చిరునామా ప్రాణం. వీణను కొన్ననాడే ఆ మనిషితో చుట్టరికం కూడా కొన్నట్లు.

మా మిత్రుడికి నేను చెప్పినది ఇంతే. పురమాయించు, తప్పకుండా పురమాయించు. అయితే దాని ఖర్చులో పదోవంతు ఇక్కడ ఖర్చుపెట్టు. కామారెడ్డిలో ఓపిక గల ఒక వడ్రంగి కుర్రవాడిని చూసుకో. ఒక పాత గిటారు ఇచ్చి గుర్రం నిలపడం, మెట్లు అరగదీయడం, దండి వంపు సరిచేయడం నేర్పించు. రాబర్ట్ బెనెడెట్టో 1994లో ఆర్చ్‌టాప్ తయారీ మీద పుస్తకమే రాసిపెట్టాడు. ఇళ్ళు కట్టే ముళ్ళ పైన్ కలపతోనూ మంచి గిటారు చేసి, నాదం చేతిలో ఉందని చూపించాడు. ఆ చేయి ఒకటి మన ఊళ్ళో తయారైతే, వచ్చిన గిటారు ఒంటరిది కాదు. తయారు కాకపోతే రెండు మూడు వేసవుల తరువాత అది గోడకు వేలాడే జ్ఞాపిక, సన్మానసభ వీణకు తోబుట్టువు.

దూరదేశపు పనివాడు అడిగిన ప్రశ్న మనల్ని మన చెవివైపు తిప్పితే, ఆ వేల డాలర్లలో కొంత చదువు ఫీజు కింద జమ. ఆ చదువు గిటారు దగ్గరే ఆగిపోకుండా గొల్లపల్లి దాకా, మన వడ్ల వాకిలి దాకా పోవాలన్నదే నా కోరిక. మీలో ఎవరైనా వాద్యం చేయించుకుని ఉంటే, పనివానికి ఏమి చెప్పారో, ఏ మాటల్లో చెప్పారో రాయండి. ధర కంటే ఆ మాటలే నాకు కావాలి.